రొమ్ము ఎముక వెనక్కి దిగిన థైరాయిడ్: కింద గడ్డ, పైన పని

థైరాయిడ్ గడ్డ రొమ్ము ఎముక వెనక్కి దిగిందని సిటి స్కాన్ రిపోర్టులో చూడగానే ఇంట్లోవాళ్లు ముందుగా అడిగేది "ఛాతీ కొయ్యాలా డాక్టర్‌గారూ?" అనే. ఎక్కువమందికి అక్కర్లేదు. గడ్డ ఎంత కిందికి జారినా దాని వేరు మెడలోనే ఉంటుంది. రక్తం తెచ్చే ధమనులు మెడలోంచే వస్తాయి, కాపాడుకోవలసిన నరం, అంటే స్వరతంత్రుల్ని కదిలించే నరం కూడా మెడలోనే దొరుకుతుంది. అందుకే కింద ఉన్నదాన్ని బయటికి తేవాలంటే ముందు పైన పని పూర్తి కావాలి. ఈ ఆపరేషన్‌లో జరిగే పెద్ద ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఈ వరస తప్పడమే. పైన పట్టు వదలకముందే కింద వేలు పెట్టి లాగితే సిర చిరుగుతుంది, నరం సాగుతుంది.

గడ్డ కిందికే ఎందుకు దిగుతుంది? మెడలో దానికి మరో దారి లేదు. ముందు స్ట్రాప్ కండరాలు (మెడ ముందువైపు పట్టీల్లాంటి కండరాలు) అడ్డం, వెనక శ్వాసనాళం, వెన్నుపూస. కింద మాత్రం వదులుగా ఉన్న కొవ్వు, ఖాళీ. మింగినప్పుడల్లా గ్రంథి పైకి లేచి కిందికి దిగుతుంది, గాలి పీల్చినప్పుడల్లా ఛాతీలో ఒత్తిడి తగ్గి దాన్ని లోపలికి లాగుతుంది, బరువు ఎటూ ఉండనే ఉంది. ఇలా ఏళ్ల తరబడి జారుతూ పోతుంది. పోతూ పోతూ తనకి కింది నుంచి రక్తం ఇచ్చే ఇన్‌ఫీరియర్ థైరాయిడ్ ధమనిని వెంట తీసుకునే పోతుంది. మెడతో సంబంధం లేకుండా, పుట్టుకతోనే ఛాతీలో ఉండిపోయిన థైరాయిడ్ కణజాలం పెరిగి గడ్డ కట్టడం చాలా అరుదు, ఇలాంటి గడ్డల్లో దాదాపు నూటికి ఒకటి. దానికి రక్తం ఛాతీలోని ధమనుల నుంచే వస్తుంది కాబట్టి అది వేరే ఆపరేషన్. కింద రాసినవి దానికి వర్తించవు.

'రెట్రోస్టెర్నల్ గాయిటర్' అని దేన్ని అనాలో డాక్టర్లందరిదీ ఒకే మాట కాదు. గడ్డలో సగానికి పైగా ఛాతీ ముఖద్వారం కిందికి దిగితేనే అనేవాళ్లున్నారు, మెడ వెనక్కి వాల్చినా కింది అంచు చేతికి అందకపోతే చాలు అనేవాళ్లున్నారు. నా దృష్టిలో పేరు కన్నా మూడు ప్రశ్నలు ముఖ్యం. కింది అంచు ఎక్కడ ఆగింది: బృహద్ధమని వంపుకు పైనా, కిందా, శ్వాసనాళం రెండుగా చీలే చోటు దాకానా? శ్వాసనాళానికి ముందు దిగిందా, వెనక దిగిందా? లోపలున్న భాగం దాటి రావలసిన ద్వారం కన్నా వెడల్పుగా ఉందా? మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. కుండ మూతి కన్నా కుండ పొట్ట పెద్దదైతే లోపలున్నది చెయ్యి పెట్టి తియ్యలేం. ఛాతీ ముఖద్వారం ముందు నుంచి వెనక్కి దాదాపు 5 సెంటీమీటర్లు, అడ్డంగా దాదాపు 10. చుట్టూ ఎముకే, సాగదు. మెడలో ఒక ఉబ్బు, ఛాతీలో ఒక ఉబ్బు, మధ్యలో సన్నటి నడుము ఉన్న గడ్డను సిటిలో చూస్తే ఆ రోజే రొమ్ము ఎముక కోసే రంపం గురించి ఆలోచించాలి.

చాలా గడ్డలు శ్వాసనాళానికి ముందువైపే దిగుతాయి. వెనక్కి దిగేవి నూటికి పది, పదిహేను. అవీ ఎక్కువగా కుడివైపే, ఎడమవైపు బృహద్ధమని వంపు, దాని కొమ్మలు అడ్డుపడతాయి కాబట్టి. సర్జన్‌కి అసలు కష్టం ఈ వెనకటి గడ్డలతోనే. ఎందుకో నరం దగ్గరికి వచ్చాక చెబుతాను.

లక్షణాలు నెమ్మదిగా మొదలవుతాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు, పక్కకి తిరిగితే కాస్త నయం. మెట్లెక్కితే ఆయాసం. దగ్గు. ముద్ద మింగితే అడ్డుపడుతున్నట్టు ఉంటుంది. ఉబ్బసం అనుకుని ఏళ్ల తరబడి ఇన్‌హేలర్లు వాడినవాళ్లు తక్కువేం కాదు. తేడా పట్టేదొకటి ఉంది. ఉబ్బసంలో పిల్లికూతలు ఊపిరి వదిలేటప్పుడు ఎక్కువ, ఇక్కడ చప్పుడు గాలి లోపలికి పీల్చేటప్పుడు, గొంతు దగ్గర వినిపిస్తుంది. మామూలుగా పెద్దవాళ్లలో 15 నుంచి 20 మిల్లీమీటర్లుండే శ్వాసనాళం దారి 8 మిల్లీమీటర్లకి తగ్గేసరికి పని చేస్తే ఆయాసం వస్తుంది, 5కి వచ్చేసరికి కూర్చున్నా చప్పుడు వినిపిస్తుంది. అంటే కష్టం బయటపడేనాటికే దారి సగానికి పైగా మూసుకుపోయి ఉంటుంది. ఆ స్థితిలో గడ్డలో చిన్న రక్తస్రావమైనా, మామూలు జలుబైనా ఒక్క రాత్రిలో ప్రాణం మీదికి తేగలదు.

క్లినిక్‌లో ఏ పరికరమూ అక్కర్లేని పరీక్ష ఒకటుంది. రెండు చేతులూ చెవులకి ఆనేలా పైకెత్తించి ఒక నిమిషం పాటు అలాగే ఉంచమనాలి. మొహం ఎర్రగా కంది, మెడ సిరలు ఉబ్బి, ఊపిరి కష్టమైతే గడ్డ ఛాతీ ముఖద్వారంలో బిరడాలా బిగుసుకుందని అర్థం. 1946లో పెంబర్టన్ అనే డాక్టర్ దీన్ని రాశాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు.

మెడ అల్ట్రాసౌండ్ అవసరమే గాని దాని చూపు ఎముక దగ్గర ఆగిపోతుంది. మొత్తం చూపించేది సిటి. స్కాన్‌లో స్పష్టంగా కనబడడానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందులో అయోడిన్ ఉంటుంది కాబట్టి ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసుకోవాలి. ముద్దలు ముద్దలుగా పెరిగిన పెద్ద నాడ్యులర్ గాయిటర్‌లో టీఎస్‌హెచ్ ఇప్పటికే తక్కువగా ఉంటే, ఆ అయోడిన్ తర్వాతి వారాల్లో హైపర్‌థైరాయిడ్‌ని (థైరాయిడ్ హార్మోన్ అతిగా తయారవడాన్ని) రెచ్చగొట్టవచ్చు. చాలా సందర్భాల్లో కాంట్రాస్ట్ లేని సిటితోనే కావలసింది తెలుస్తుంది. సిటిలో అడ్డకోతలే కాకుండా పక్క నుంచి, ఎదురుగా తీసిన కోతలూ అడిగి చూడాలి. గడ్డ ఆకారం వాటిలోనే తెలుస్తుంది. ఇంకొకటి కూడా చూడాలి. కుడి చేతికి రక్తం తీసుకెళ్లే సబ్‌క్లేవియన్ ధమని దారి తప్పి అన్నవాహిక వెనక నుంచి వెళ్తుంటే, కుడివైపు నరం కిందికి దిగి తిరిగి రాకుండా మెడలోనే నేరుగా స్వరపేటికలోకి వెళ్తుంది. నూటికి ఒక్కరిలోపే ఉండే తేడా ఇది. ముందే తెలియకపోతే ఆ నరాన్ని ధమని కొమ్మ అనుకుని కట్టెయ్యడం చాలా తేలిక.

స్వరతంత్రుల్ని ఆపరేషన్‌కి ముందు లారింగోస్కోప్‌తో చూడకుండా టేబుల్ ఎక్కించకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక తంత్రి ఏనాడో పడిపోయినా గొంతు మామూలుగానే ఉండవచ్చు. ఆ సంగతి తెలియక రెండోవైపు నరానికి దెబ్బ తగిలితే ఊపిరి దారి పూర్తిగా మూసుకుపోతుంది. సూది పరీక్ష మెడలో అందే భాగానికే. ఎముక వెనక భాగంలోకి సూది పంపడం వల్ల రక్తస్రావం ప్రమాదమే తప్ప ఒరిగేది తక్కువ. కాల్షియం, విటమిన్ డి ముందే చూసి, డి తక్కువుంటే సరిచేసుకుంటే తర్వాత కాల్షియం ఇబ్బందులు తగ్గుతాయి.

మాత్రలతో కరిగించవచ్చా అని అడుగుతారు. థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) ఇచ్చి ఇంత గడ్డని కుదించడం జరగని పని. రేడియో అయోడిన్ కొంత కుదిస్తుంది, కానీ నెలలు పడుతుంది, మొదట్లో వాపు పెరిగి శ్వాసనాళాన్ని ఇంకా నొక్కే ప్రమాదం ఉంది. మత్తు తట్టుకోలేనివాళ్లకే దాన్ని ఉంచుకోవాలి.

మత్తు సంగతికొస్తే, అందరూ భయపడేంత కష్టం మామూలుగా ఉండదు. నొక్కుడు బయట నుంచి కాబట్టి లోపలికి వెళ్లే ట్యూబు దారిని తెరుచుకుంటూనే పోతుంది. లోపల తీగచుట్ట ఉన్న, మడతపడని ట్యూబు, 6 లేదా 6.5 సైజు సాధారణంగా సరిపోతుంది. దాని కొన సన్నబడ్డ చోటు దాటాలి, కానీ కుడి బ్రాంకస్‌లోకి (కుడి ఊపిరితిత్తికి వెళ్లే గొట్టంలోకి) జారకూడదు. పడుకోలేని పేషెంటుకి, దారి బాగా సన్నబడ్డవాళ్లకి మెలకువగా ఉండగానే, కూర్చున్న భంగిమలోనే ఫైబర్‌ఆప్టిక్‌తో (వంగే సన్నటి కెమెరా గొట్టంతో) ట్యూబు వెయ్యడం క్షేమం. ఊపిరి ఆడకపోతే మెడలో రంధ్రం పెడదాం అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. శ్వాసనాళం ముందు అంతా గడ్డే. అందుకే రిజిడ్ బ్రాంకోస్కోప్ (శ్వాసనాళంలోకి దించే గట్టి గొట్టం) చేతికందేలా ఉండాలి. సూపీరియర్ వీనా కావా (తల, చేతుల రక్తాన్ని గుండెకి చేర్చే పెద్ద సిర) నొక్కుకుపోయినవాళ్లకి చేతిలో పెట్టిన ఐవీ లైన్ అక్కరకు రాదు. పెద్ద లైన్ ఒకటి కాలికి పెట్టుకోవాలి. నరం పనిచేస్తోందో లేదో చప్పుడుతో చెప్పే నరాల మానిటర్ వాడుతుంటే ఎక్కువసేపు పనిచేసే కండరాల సడలింపు మందు ఇవ్వకూడదని మత్తు డాక్టర్‌తో ముందే అనుకోవాలి. లేదంటే మానిటర్ నిశ్శబ్దంగా ఉంటుంది, నరం బాగుందో లేదో తెలియదు.

ఇక ఆపరేషన్. భుజాల కింద మెత్త పెట్టి మెడ వెనక్కి వాలుస్తారు. దానితోనే గడ్డ కొంత పైకి వస్తుంది. తలవైపు 15, 20 డిగ్రీలు ఎత్తుతారు. మెడ ఒక్కటే కాకుండా రొమ్ము ఎముక కింది కొన దాకా శుభ్రం చేసి, ఆ మేరకు గుడ్డలు కప్పాలి. రంపం పనిచేస్తోందో లేదో కోత పెట్టకముందే చూడాలి.

మెడ గుంటకి సుమారు రెండు వేళ్ల పైన అడ్డంగా కోత. చిన్న మచ్చ కోసం ఇక్కడ పిసినారితనం వద్దు. ప్లాటిస్మా (చర్మం కిందనే ఉండే పలచటి కండరం) కింద చర్మం పొరలు పైకి థైరాయిడ్ మృదులాస్థి దాకా, కిందికి మెడ గుంట దాకా లేపాలి. స్ట్రాప్ కండరాలు అడ్డొస్తే పైభాగంలో కోసెయ్యడమే మంచిది. వాటి నరం కింది సగంలో చేరుతుంది కాబట్టి పైన కోస్తే కండరం చచ్చుబడదు. చివర్లో కుట్టేస్తే సరి.

రెండువైపులా గడ్డ ఉంటే ఛాతీలోకి దిగిన వైపు ముందు. మిడిల్ థైరాయిడ్ సిరని కట్టి కోస్తే గడ్డ పక్కకి కదులుతుంది. తర్వాత పై కొన. అక్కడి రక్తనాళాల్ని గడ్డ గోడకి ఆనుకుని ఒక్కొక్కటిగా కట్టాలి. పైకి పోయి ఒకేసారి గుత్తగా కడితే పక్కనే ఉన్న సన్న నరం అందులో పడుతుంది, గొంతు హెచ్చు స్థాయి పోతుంది. పై కొన వదిలాక ఇస్త్మస్‌ని (రెండువైపుల థైరాయిడ్‌ని కలిపే మధ్య భాగాన్ని) శ్వాసనాళం మీద చీల్చెయ్యాలి. ఇప్పటికి గడ్డకి పైనా, మధ్యలోనా పట్టు పోయింది. ఇన్‌ఫీరియర్ థైరాయిడ్ ధమని కొమ్మల్ని కూడా గడ్డ గోడ మీదే కట్టుకోవాలి. మూల ధమనిని కడితే పారాథైరాయిడ్‌లకి (కాల్షియంని అదుపులో ఉంచే చిన్న గ్రంథులకి) రక్తం పోతుంది.

నరం. మామూలు థైరాయిడ్‌లో దాన్ని కింద, శ్వాసనాళం పక్క గాడిలో వెతికి పైకి తరుముతాం. ఇక్కడ ఆ గాడి నిండా గడ్డే. కాబట్టి తలకిందులుగా వెళ్లాలి. నరం స్వరపేటికలోకి దూరే చోటు, థైరాయిడ్ మృదులాస్థి కింది కొమ్ము దగ్గర, ఎప్పుడూ మారదు. పై కొన విడిపించి గడ్డని లోపలివైపు తిప్పితే ఆ చోటు కనిపిస్తుంది. అక్కడ నరాన్ని పట్టుకుని కిందికి వెంటాడుతూ గడ్డ నుంచి విడదీస్తూ పోవాలి. ముందువైపు దిగిన గడ్డలో నరం వెనకే ఉంటుంది, కాస్త క్షేమం. వెనక్కి దిగిన గడ్డ మాత్రం నరాన్ని ముందుకు తోసేస్తుంది. అది గడ్డ ముందు ఉపరితలం మీద, సాగి, చదునుగా, తెల్లటి నాడాలా పడి ఉంటుంది. సిరో, పొర మడతో అనుకుని కోసేస్తారు. ముందుకొచ్చిన ఏ దారాన్నయినా మానిటర్ ప్రోబ్‌తో 1 మిల్లీయాంప్ ఇచ్చి చూడకుండా కొయ్యకూడదు. ప్రోబ్ చప్పుడు చెయ్యలేదంటే అది నరం కాదని నమ్మడానికి ముందు, ఈ నరం పుట్టే మూలమైన వేగస్ నరం మీద పెడితే చప్పుడు వస్తోందో లేదో చూసుకోవాలి. ట్యూబు కాస్త జరిగి దాని మీది ఎలక్ట్రోడ్లు తంత్రుల మీద నుంచి తప్పుకున్నా మానిటర్ మౌనంగానే ఉంటుంది.

నరం చేతికి చిక్కాకే ఛాతీలోకి వేలు. చూపుడు వేలిని గడ్డ గోడకి అంటిపెట్టుకుని, ముందు పక్కకీ ముందువైపుకీ, ఆ తర్వాత వెనక్కి తిప్పుతూ దించాలి. సరైన పొరలో ఉంటే వేలికి అడ్డు తగలదు, రక్తం రాదు. గట్టిగా తీగలా తగిలేది ఏదైనా ఉంటే ఆగి, పైకి లాక్కొచ్చి, కళ్లతో చూసి కట్టాలి. అది ఇన్‌ఫీరియర్ థైరాయిడ్ సిర కావచ్చు, నేరుగా ఛాతీలోని పెద్ద బ్రాకియోసెఫాలిక్ సిరలోకి పోతుంది. దాన్ని వేలితో తెంపితే తెగిన కొస ఛాతీలోకి జారి కనబడకుండా పోతుంది. గడ్డలో లావు సిల్కు దారంతో రెండు మూడు కుట్లు వేసి వాటిని పట్టుకుని మెల్లగా పైకెత్తుతుంటే వేలి పని సులువవుతుంది. ఒక కుట్టు తేలినచోట ఇంకాస్త కింద మరో కుట్టు, అలా మెట్టు మెట్టుగా. లోపల శూన్యం ఏర్పడి గడ్డని వెనక్కి లాగుతున్నట్టు అనిపిస్తే, గడ్డ వెనక వేలు దూర్చి గాలి చొరనిస్తే చాలు, వదులుతుంది. పెద్ద నీటి తిత్తి ఉంటే సూదితో ద్రవం లాగి కుదించవచ్చు. గట్టి గడ్డని ముక్కలు చేసి తియ్యడం మాత్రం వద్దు. రక్తం కట్టదు, లోపల క్యాన్సర్ ఉంటే అక్కడే చల్లినట్టవుతుంది.

ఎక్కడ ఆగాలన్నది తెలియడమే ఇక్కడ నేర్పు. వేలు గడ్డ కింది అంచుని చుట్టలేకపోతే, లేదా గడ్డ ఇసుమంత కూడా కదలకపోతే, ఇంకా బలం వాడకూడదు. రొమ్ము ఎముక తెరవాలి. నూటికి కొద్దిమందికే ఆ అవసరం వస్తుంది: బృహద్ధమని వంపు దాటి దిగినవి, వెనక్కి దిగినవి, ద్వారం కన్నా వెడల్పైనవి, ఇదివరకు ఆపరేషన్ అయి మళ్లీ పెరిగినవి, క్యాన్సర్ అయి చుట్టూ అంటుకున్నవి. అందులోనూ చాలాసార్లు ఎముక మొత్తం చీల్చక్కర్లేదు. పైభాగం మూడో, నాలుగో పక్కటెముకల సందు దాకా కోస్తే గడ్డ కళ్లెదుటికి వస్తుంది, తర్వాత స్టీలు తీగలతో బిగిస్తారు. ఎముక తెరవడాన్ని ఓటమిగా చూసే ధోరణి నాకు నచ్చదు. పెద్ద సిర చిరిగాక హడావిడిగా తెరిచిన ఎముకకీ, ముందే ఆలోచించి తెరిచిన ఎముకకీ పేషెంటు కోలుకోవడంలో చాలా తేడా ఉంటుంది.

సిర చిరగనే చిరిగితే మొదటి పని వేలితో నొక్కిపట్టడం, తల దించడం, మత్తు డాక్టర్‌కి చెప్పడం. తల ఎత్తే ఉంటే సిరలోకి గాలి పోతుంది. గుంటలోకి కనబడకుండా క్లాంపులు వేస్తే చిరుగు పెద్దదవుతుంది, పక్కనున్న నరమూ పోతుంది. గాజ్ గుడ్డ కుక్కి నొక్కి, ఎముక తెరిచి, చూస్తూ కుట్టాలి.

గడ్డ వచ్చేశాక ఖాళీ గుంటలో సెలైన్ నింపి మత్తు డాక్టర్‌ని ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెంచి పట్టమనాలి. బుడగలు వస్తే ప్లూరా (ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర) చిరిగింది. అదే ఒత్తిడిలో, తల కాస్త దించి, దాగిన సిరలు కారుతున్నాయేమో చూడాలి. రక్తపోటు తక్కువుండగా పొడిగా కనిపించిన గుంట, పేషెంటు దగ్గగానే నిండుతుంది. బియ్యపుగింజని మించని పారాథైరాయిడ్ ఏదైనా నల్లబడితే, దాన్ని మిల్లీమీటరు ముక్కలు చేసి మెడ కండరంలో నాటాలి. మొదటి వైపు నరం సిగ్నల్ పోయి తిరిగి రాకపోతే, రెండోవైపు శ్వాసనాళాన్ని నొక్కనంతవరకు ఆ రోజుకి వదిలెయ్యడమే తెలివి.

ఏళ్ల తరబడి నొక్కుడు పడ్డ శ్వాసనాళం ఆధారం పోగానే కూలిపోతుందని పుస్తకాల్లో ఎక్కువగా రాస్తారు, నిజానికి అది అరుదు. కుట్లు వెయ్యకముందే వేలితో తాకి చూడాలి. ట్యూబు చుట్టూ ఉండే బుడగ (కఫ్) గాలి తీసి పక్క నుంచి గాలి పోతోందో లేదో చూడాలి. అనుమానముంటే ట్యూబుని ఒకటి రెండు రోజులు ఉంచి, ఐసీయూలో నిదానంగా తియ్యాలి.

మొదటి 24 గంటల్లో అన్నిటికన్నా భయపడవలసింది మెడలో రక్తం గడ్డకట్టడం. పేషెంటు కుదురుగా ఉండడు, పడుకోనంటాడు, గొంతు బిగిసిందంటాడు, మాట మారుతుంది. ఆక్సిజన్ శాతం చాలాసేపు బాగానే ఉంటుంది, రక్తం బయటికి తెచ్చే డ్రెయిన్ గొట్టం ఖాళీగానే ఉండవచ్చు, ఎందుకంటే అది లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోయింది. ఈ రెంటినీ చూసి నిశ్చింతగా ఉండకూడదు. స్కాన్‌కి పంపకూడదు. మంచం మీదే చర్మం కుట్లు కొయ్యాలి, వేళ్లతో తెరవాలి, లోపల స్ట్రాప్ కండరాల మధ్య కుట్లు కూడా తెరవాలి, గడ్డకట్టిన రక్తం తీసి గాజ్ గుడ్డ పెట్టాలి. కండరాల కుట్లు మరిచిపోతే చర్మం తెరిచిన ప్రయోజనం లేదు. కత్తెర, గాజ్ గుడ్డ ఉన్న పెట్టె ప్రతి థైరాయిడ్ మంచం పక్కనా ఉండాలి, డ్యూటీ నర్సుకి అది వాడే అనుమతి ముందే ఇచ్చి ఉండాలి.

గొంతు బొంగురుపోయి, నీళ్లు తాగితే పొలమారుతుంటే ఒక నరం అలిసిందని. తెగనంతవరకు వారాల్లో, నెలల్లో తిరిగి వస్తుంది. ఈలోగా గడ్డం కిందికి వంచి మింగడం, స్పీచ్ థెరపీ. ట్యూబు తియ్యగానే గాలి పీల్చేటప్పుడు కీచుమంటే రెండు నరాలూ దెబ్బతిన్నట్టు అనుమానించి వెంటనే ట్యూబు తిరిగి వెయ్యాలి.

మొత్తం గ్రంథి తీస్తే కాల్షియం మొదటి రెండు మూడు రోజుల్లో పడిపోతుంది. పెదాల చుట్టూ, వేలికొసల్లో తిమ్మిరి మొదలైతే నర్సుకి చెప్పాలి, తెల్లారేదాకా ఆగకూడదు. కండరాలు పట్టేస్తుంటే 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు పలచన చేసి 10 నిమిషాల్లో, ఈసీజీ చూస్తూ సిరలోకి ఇస్తారు. ఇంటికి కాల్షియం మాత్రలు, అవసరమైతే కాల్సిట్రయాల్ (పనిచేసే రూపంలోని విటమిన్ డి). థైరాక్సిన్ మోతాదు కిలో బరువుకి రోజుకి సుమారు 1.6 మైక్రోగ్రాములు. పెద్దవయసువాళ్లకి, గుండె జబ్బున్నవాళ్లకి తక్కువతో మొదలు. పరగడుపున, మంచినీళ్లతో, తిండికి కనీసం అరగంట ముందు వేసుకోవాలి. కాల్షియం మాత్ర దానితో కలిపి వేసుకుంటే థైరాక్సిన్ ఒంటికి పట్టదు. రెండిటికీ మధ్య 4 గంటలు ఉండాలి. 6 వారాలకి టీఎస్‌హెచ్ చూసి మోతాదు సరిచేస్తారు, గడ్డ బయాప్సీ రిపోర్టు కూడా అప్పటికి చేతిలో ఉండాలి.